కారే షవరు కుళాయి: బాగుచేయడమా, మార్చడమా?

వార్షిక సంచికకు ఏదైనా రాసివ్వమని విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, పూర్వ విద్యార్థిని కాబట్టి కాదనలేక ఒప్పుకున్నాను. విషయమేమిటని అడిగాడు. "షవరు కుళాయి" అన్నాను. పరిహాసమాడుతున్నాననుకొని నవ్వాడు. ఈ సంచికలో కవితలుంటాయి, కథలుంటాయి, దేశ భవిష్యత్తును గురించిన వ్యాసాలుంటాయి. వాటి నడుమ కారే కుళాయికి చోటేమిటని పాఠకులకు కూడా అనిపించవచ్చు. అయితే మనలో చాలామందిమి చదువుకునే రోజుల్లో అద్దె గదుల్లో ఉంటాం. కుళాయి కారని అద్దె గది నేనైతే ఇంతవరకు చూడలేదు. దాన్ని బాగుచేయాలా, మార్చాలా అనే ప్రశ్న నాకూ ఎదురైంది. అప్పట్లో నేను భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతున్నాను. అయినా తప్పు జవాబు చెప్పాను. ఆ తప్పు బరువు మోసింది మాత్రం నేను కాదు. అందుకే ఈ వ్యాసం.

ఒక ఎండాకాలం సంగతి

అది 2019 వేసవి. తిరుపతి కొర్లగుంటలో ఒక పాత మిద్దె మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. ఇల్లు ఒక అవ్వది. కింద ఒంటరిగా ఉండేది. ఇంటికి బోరు ఉన్నది గాని, ఆ ఏడు మోటారు వేస్తే పావుగంట నీళ్ళు, ఆ తర్వాత గాలి. అంచేత ట్యాంకరు నీళ్ళు కొని మిద్దె మీది వెయ్యి లీటర్ల ట్యాంకు నింపుకొనేవాళ్ళం.

నా స్నానాల గదిలో షవరు కట్టేసినా కారేది. మొదట్లో నేను పట్టించుకోలేదు. ఒకరోజు అవ్వ మెట్ల దగ్గర నిలబడి, "అబ్బయ్యా, రాత్రంతా పైన టపటపమంటా ఉండాది. నాకు నిద్ర పట్టలా. ఆ కొళాయి సంగతేందో చూడు" అంది. సరేనని ఒక లీటరు చెంబు దానికింద పెట్టి గడియారం చూశాను. నలభై నిమిషాల్లో నిండింది. అంటే రోజుకు 36 లీటర్లు, నెలకు 1080 లీటర్లు. నెలకొక ట్యాంకు చుక్కచుక్కగా కాలువలోకి పోతున్నదన్నమాట.

హార్డ్‌వేర్ అంగట్లో వాషరు కొనుక్కొచ్చి వేశాను. పదిరోజులు ఆగి మళ్ళీ కారింది. ఇంకొకటి వేశాను. అది వారమే ఆగింది. మూడోది వేసి, ఈసారి పిడిని బలంకొద్దీ బిగించాను. అదీ కారింది. "కుళాయికి వయసైపోయింది, మొత్తం మార్చాల్సిందే" అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

మర్నాడు అవ్వ మనవరాలికి సీమంతం. ఆ ఇంట్లోనే. అందుకని అవ్వ ఆ సాయంత్రం ట్యాంకరు తెప్పించి ట్యాంకు నిండా నీళ్ళు పట్టించింది. చుట్టాలొచ్చేసరికి కుళాయి కారుతూ ఉంటే బాగుండదని, ఆ రాత్రే మార్చేద్దామని కొత్తది తెచ్చి కూర్చున్నాను. ముందుగా మిద్దెమీదికి వెళ్ళి ట్యాంకు కింది గేట్ వాల్వు కట్టాను. చక్రం బాగానే తిరిగింది. నీళ్ళు ఆగాయా లేదా అని చూడలేదు. కిందికి వచ్చి పెద్ద పానా పట్టి కుళాయిని తిప్పాను. అది కదల్లేదు. కాలు గోడకు తన్నిపట్టి ఇంకా గట్టిగా తిప్పాను. కుళాయి ఊడింది. దాంతోపాటు గోడలోని ఇనుప పైపు కూడా విరిగి వచ్చింది.

తర్వాతి ముప్పావు గంట సంగతి క్లుప్తంగా చెబుతాను. గుడ్డలు కుక్కాను, అరచేత్తో అదిమిపట్టాను. పైకి పరుగెత్తి గేట్ వాల్వు మళ్ళీ తిప్పాను. అది ఎంత తిప్పితే అంత తిరుగుతున్నది. లోపలి పలక కాడనుంచి ఎప్పుడో ఊడిపోయి ఉన్నది. పైన తిరిగేది వట్టి చక్రమే. కుళాయి నెలరోజుల్లో పోగొట్టేదాన్ని నేను ముప్పావు గంటలో పోగొట్టాను.

అవ్వ పైకొచ్చి చూసింది. తిట్టలేదు. "పోయిన నీళ్ళు యాడికి పోతాయి నాయనా, బూమిలోకే గదా" అని కిందికి దిగిపోయింది. తెల్లవారుజామున నాలుగింటికి బిందెల చప్పుడికి మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూస్తే, వీధి చివరి కుళాయి దగ్గరనుంచి అవ్వ చంకన బిందె పెట్టుకొని నడిచి వస్తున్నది. అప్పటికే ఎన్నో నడక తెచ్చిందో తెలియదు. నేను పరుగెత్తి ఆమె చేతిలోంచి బిందె తీసుకున్నాను. మిగిలిన నీళ్ళు నేనే మోశాను. సీమంతం జరిగింది. కాని ఆ మొదటి బిందెలు ఆమే మోసింది.

కూర్చునే పీట

మర్నాడు ఒక పెద్దాయన, ప్లంబరు, వచ్చాడు. విరిగిన పైపు సంగతి తర్వాత చూద్దామని, మొదట నేను ఊడదీసి పడేసిన పాత కుళాయిని చేతిలోకి తీసుకున్నాడు.

"దీన్నెవురు ఇప్పింది సామీ?"

"నేనే."

"వాషరు మార్చినావా?"

"మూడు తూర్లు మార్చినాను."

ఆయన పైమూత విప్పి, లోపలి భాగాన్ని ఎండకేసి పట్టి నాకు చూపించాడు. వాషరు వచ్చి కూర్చునే ఇత్తడి అంచుమీద వెంట్రుక మందాన ఒక గాటు ఉన్నది. "వాషరు తప్పేం లేదు సామీ. పీటకు గాటు పడితే కూచునేవాణ్ణి ఎన్ని తూర్లు మారిస్తే ఏమొస్తాది?" అన్నాడు. తన సంచిలోంచి పీటను చెక్కే చిన్న పనిముట్టు తీసి, కుళాయిలో పెట్టి నాలుగు చుట్లు తిప్పాడు. ఇత్తడి పొడి రాలింది. అంచు అద్దంలా నున్నగా తేలింది. మొత్తం పది నిమిషాల పని.

అంటే, బాగుచేయవలసిన చోటును నేను చూడనే లేదు. చెడిపోని దాన్ని మూడుసార్లు మార్చాను. బాగయ్యేదాన్ని పారేశాను. ఆ పెద్దాయన చెప్పిన ఒక మాట ఈ వ్యాసానికంతటికీ ప్రాణం. "అరిగేది అరగనీ సామీ, దాన్ని అందుకే పెట్టినారు. కొత్తది ఏసుకో. అరగకూడనిది అరిగితే ముందు చెక్కి చూడు. చెక్కినా కుదరకుంటే అప్పుడు తీసి పారెయ్. ఏది అరిగిందో చూడకుండా మాత్రం పానా పట్టొద్దు."

కుళాయి లోపల ఏముంది?

ఆయన మాట అర్థం కావాలంటే కుళాయి నిర్మాణం కొంచెం తెలియాలి. మన పాత ఇళ్ళలో ఉండే మరతిప్పుడు కుళాయికి వయసు తక్కువేమీ కాదు. ఇంగ్లండులోని రాదర్‌హామ్ పట్టణంలో గెస్ట్ అండ్ క్రైమ్స్ అనే ఇత్తడి కార్ఖానా 1845లో దీనికి పేటెంటు పొందింది. నేటికీ సూత్రం అదే. పిడి తిప్పితే మరలున్న కాడ, అంటే స్పిండిలు, కిందికి దిగుతుంది. దాని అడుగునున్న రబ్బరు వాషరు ఇత్తడి పీటమీద, అంటే సీటుమీద, అదిమి కూర్చుంటుంది. నీటిదారి మూసుకుంటుంది. స్పిండిలు చుట్టూ నీళ్ళు పైకి చిమ్మకుండా గ్లాండు అనే బిగింపు ఉంటుంది. అందులో పూర్వం నూనె పట్టించిన నూలుదారం చుట్టేవారు. ఇప్పుడు టెఫ్లాన్ దారమో, రబ్బరు రింగో వేస్తున్నారు. మన దేశంలో ఈ రకం ఇత్తడి కుళాయిలకు భారతీయ ప్రమాణం ఉంది, దాని సంఖ్య ఐ.ఎస్. 781.

ఇందులో వాషరు, గ్లాండు దారం, రబ్బరు రింగు అరగడం కోసమే పెట్టినవి. అవి మెత్తనివి. గట్టిగా ఉండే ఇత్తడి అరగకుండా, ఆ అరుగుదలను అవి తమమీద వేసుకుంటాయి. ఒళ్ళు, సీటు, మరలు అరగకూడనివి. అయితే అరిగిన వాషరును చాలాకాలం అలాగే వదిలేస్తే, ఆ సందులోంచి వేగంగా దూసుకుపోయే నీరు క్రమంగా సీటునే కోసేస్తుంది. నా కుళాయిలో జరిగింది అదే. అంటే చిన్న బాగును వాయిదా వేయడమే పెద్ద మార్పుకు దారి. అలాగే నాలాగా బలంకొద్దీ బిగించడం కూడా తప్పే. రబ్బరు నలిగి చీలుతుందే గాని గాటు పూడదు.

1970ల తర్వాత వేరే రకం కుళాయిలు వ్యాప్తిలోకి వచ్చాయి. పావు తిప్పుతో తెరుచుకునేవి. వీటిలో రబ్బరు వాషరుకు బదులు రెండు పింగాణీ బిళ్ళలుంటాయి. రెండూ ఒకదానిమీద ఒకటి జారుతాయి. చిల్లులు కలిస్తే నీరు వస్తుంది, తప్పితే ఆగుతుంది. ఈ బిళ్ళలున్న గొట్టాన్ని కార్ట్రిడ్జి అంటారు. బిళ్ళలు చాలా గట్టివి. వాటి శత్రువులు ఇసుక, సున్నం. బోరునీళ్ళతో వచ్చే ఇసుకరేణువు రెండు బిళ్ళల మధ్య పడితే గీత పడుతుంది. అప్పుడు కార్ట్రిడ్జి తీసి కొత్తది వేయాలి. ఒళ్ళు అలాగే ఉంటుంది. వేడినీళ్ళు, చన్నీళ్ళు కలిపే ఒంటిపిడి మిక్సర్లు కూడా ఇదే పద్ధతిలో బాగవుతాయి.

కారే చోటే రోగం చెబుతుంది

వైద్యుడు నాడి చూసినట్లు, మనం ముందు నీరు ఎక్కడినుంచి వస్తున్నదో చూడాలి.

మొదటిది, అసలు అది జబ్బేనా? షవరు కట్టిన తర్వాత కాసేపు చుక్కలు రాలడం సహజం. షవరు తలలోనూ, పైకొమ్మలోనూ మిగిలిన నీరు తలతన్యత వల్ల కొంతసేపు నిలిచి, తర్వాత జారుతుంది. అది దానంతటదే ఆగిపోతే కుళాయిలో దోషం లేదు. గంట తర్వాత కూడా అదే లయలో పడుతుంటేనే కుళాయిని అనుమానించాలి.

రెండోది, కట్టినప్పుడు షవరు నుంచి కారితే వాషరు, సీటు, లేదా కార్ట్రిడ్జి. మిక్సరైతే చన్నీళ్ళ వైపు, వేడినీళ్ళ వైపు ఉన్న చిన్న వాల్వులను ఒకదాని తర్వాత ఒకటి కట్టి చూస్తే, ఏ వైపుది కారుతున్నదో తేలిపోతుంది.

మూడోది, తెరిచినప్పుడు పిడి చుట్టూ నీరు ఊరితే గ్లాండు వదులైంది. చాలాసార్లు గ్లాండు నట్టును పావు చుట్టు బిగిస్తే చాలు. కాకపోతే దారం మార్చాలి. దీనికోసం కుళాయి మార్చేవాళ్ళను చూశాను. చెప్పు తెగితే కాలు మార్చుకున్నట్లుంటుంది.

నాలుగోది, నీళ్ళు సన్నగా వస్తే కుళాయిని తప్పుపట్టకముందు షవరు తలను విప్పి చూడండి. మన ప్రాంతపు బోరునీళ్ళలో కరిగి ఉన్న సున్నం చిల్లులు పూడ్చేస్తుంది. చింతపండు నానబెట్టిన నీళ్ళలోనో, నిమ్మరసంలోనో రాత్రంతా వేస్తే సున్నం కరుగుతుంది. మన అవ్వలు ఇత్తడి బిందెలు తోమే రసాయనశాస్త్రమే ఇది. కక్కుసు దొడ్లు కడిగే ఘాటు ఆసిడ్ మాత్రం వాడకూడదు. పైపూత పోతుంది, ఇత్తడి కూడా దెబ్బతింటుంది.

అయిదోది, గోడ చెమ్మగిల్లినా, టైల్సు వెనక ఉబ్బినా జబ్బు కుళాయి ఒంట్లోనో, అతుకులోనో, పైపులోనో ఉంది. అక్కడ వాషరు వైద్యం పనికిరాదు.

ఆరోది రంగు. ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. కొన్ని రకాల నీళ్ళు ఏళ్ళతరబడి తగిలితే జింకు మాత్రం కరిగిపోయి, గుల్లబారిన రాగి మిగులుతుంది. విప్పినప్పుడు లోపల పసుపురంగుకు బదులు ఎర్రని మచ్చలు కనిపించినా, మర పెళుసుగా విరుగుతున్నా దాన్ని బాగుచేయడం వృథా. మార్చవలసిందే.

డబ్బు లెక్క, నీళ్ళ లెక్క

ఇప్పుడు లెక్కకు వద్దాం. చుక్క పరిమాణం ఎంత అని విద్యార్థులు అడగవచ్చు. గొట్టం మూతి ఎంత వెడల్పైతే చుక్క అంత బరువని 1864లో థామస్ టేట్ చెప్పిన సూత్రం మనం ప్రయోగశాలలో చేసేదే. కుళాయి చుక్కను సుమారు పావు మిల్లీలీటరుగా తీసుకుంటే, నిమిషానికి 60 చుక్కలకు రోజుకు 21.6 లీటర్లు పోతాయి. అయినా సూత్రం కంటే చెంబు, గడియారం నమ్మదగినవి. ఎవరింటి లెక్క వాళ్ళే కట్టుకోవచ్చు.

నా కుళాయి పోగొట్టిన 1080 లీటర్లను 300 మీటర్ల లోతునుంచి, అంటే సుమారు వెయ్యి అడుగుల బోరునుంచి పైకి తోడడానికి కావలసిన శక్తి ఎంత? ద్రవ్యరాశిని, గురుత్వ త్వరణాన్ని, లోతును గుణిస్తే దాదాపు 32 లక్షల జౌళ్ళు. అంటే 0.9 యూనిట్లు. పంపులోనూ, మోటారులోనూ సగానికి పైగా వృథా అవుతుంది కాబట్టి రెండు యూనిట్లనుకుందాం. కరెంటు బిల్లులో అది కొద్ది రూపాయలే. నిజం చెప్పాలంటే, వట్టి డబ్బు లెక్క వేస్తే కారే కుళాయిని అలాగే వదిలేయడమే లాభం!

అందుకే డబ్బు లెక్క ఒక్కటీ ఇక్కడ చాలదు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ గ్రామాల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు అందించాలని లక్ష్యం పెట్టుకుంది. నా షవరు ఊరికే కార్చిన 36 లీటర్లు ఒక మనిషి దినవాటాలో మూడింట రెండు వంతులు. తిరుపతి తాగే నీరు కూడా తేలిగ్గా వచ్చేది కాదు. కొంత కల్యాణి డ్యాము నుంచి వస్తుంది. వాన కురిస్తేనే ఆ డ్యాముకు నీళ్ళు. కొంత తెలుగుగంగది. కృష్ణానీరు శ్రీశైలం దగ్గర బయల్దేరి వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, సోమశిల, కండలేరు జలాశయాల మీదుగా ప్రయాణం చేసి మన దగ్గరికి చేరుతుంది. ఇంత దూరం వచ్చిన నీరు పదిరూపాయల వాషరు దగ్గర ఓడిపోతున్నది.

2021 నవంబరులో వరదనీళ్ళు తిరుపతి వీధుల్లో పారాయి. స్వర్ణముఖి పొంగింది. "ఇక మనకు నీళ్ళకు కరువేముంది?" అన్నవాళ్ళున్నారు. వరద వచ్చిన ఊరికే ఎండ కూడా వస్తుంది. అవ్వ బిందె మోసిన వేసవికీ, ఆ వరదకూ మధ్య రెండున్నరేళ్ళే.

నాలుగు ప్రశ్నలు

మా ఊరు పలమనేరు వైపు. బోరు మోటారు కాలిపోతే మా నాయన వెంటనే కొత్తది కొనేవాడు కాదు, వెంటనే కాయిలు చుట్టించేవాడూ కాదు. ముందు "ఇదెందుకు కాలింది?" అని అడిగేవాడు. కరెంటు హెచ్చుతగ్గులకు కాలితే చుట్టించేవాడు. నీళ్ళు లేక గాలి పీల్చి కాలితే, మోటారును కాదు, బోరును చూడాలనేవాడు. ఆ పద్ధతినే కుళాయికి అన్వయిస్తే నాలుగు ప్రశ్నలు తేలతాయి.

ఒకటి: అరిగింది అరగవలసిన భాగమా, అరగకూడని భాగమా? వాషరు, రింగు, గ్లాండు దారం, కార్ట్రిడ్జి అయితే బాగుచేయండి. సీటుకు పైపై గాటైతే చెక్కించండి. గాటు లోతుగా దిగినా, ఒళ్ళు పగిలినా, మరలు పోయినా, ఇత్తడి ఎర్రబడి గుల్లబారినా మార్చండి.

రెండు: అదే జబ్బు ఎన్నిసార్లు వచ్చింది? ఒకసారి వాషరు పోవడం సహజం. నెలలోపల రెండోసారి పోతే వాషరు కారణం కాదని అర్థం. మూడో వాషరు కొనకముందు సీటును వేలితో తడిమి చూడండి. గోరుకు గాటు తగులుతుంది.

మూడు: విడిభాగం దొరుకుతుందా? పాత మరతిప్పుడు కుళాయి వాషరు ఏ అంగట్లోనైనా దొరుకుతుంది. కార్ట్రిడ్జి అలా కాదు. కంపెనీకొక పొడవు, మోడలుకొక పళ్ళ లెక్క. పాతదాన్ని చేతిలో పట్టుకొని అంగడికి వెళ్ళాలి, నోటితో చెప్పి తెస్తే కుదరదు. ఆ మోడలు ఆగిపోయి ఎక్కడా దొరకకపోతే ఒళ్ళు బాగున్నా మార్చక తప్పదు.

నాలుగు: మార్చడమంటే ఏమేమి మార్చడం? ఈ ప్రశ్న నేను వేసుకోలేదు. గోడబయట ఉన్న కుళాయిని మార్చడం ఒక పూట పని. గోడలో పాతిపెట్టిన వాల్వును మార్చాలంటే టైల్సు పగలాలి. ఆ టైల్సు మళ్ళీ అదే రంగులో దొరకాలి. లోపల పాత ఇనుప పైపు ఉంటే, దాని జింకు పూత పోయి తుప్పు తినేసి ఉండవచ్చు. పానా బలం కుళాయి దగ్గర ఆగదు, పైపుదాకా పోతుంది. నాకు వాషరు ఖర్చు పది రూపాయలు, కొత్త కుళాయి అయిదువందల పైమాట, గోడా పైపూ కలిసి ఆరువేలు దాటాయి. అంచేత పాత ఇనుప పైపున్న గోడలో ఒంటికి ఆరోగ్యంగా ఉన్న కుళాయిని బాగుచేయడమే మేలు. పైపే పోయిందని తేలితే మాత్రం కుళాయి ఒక్కదాన్నే మార్చి తృప్తిపడకూడదు. లైను మొత్తం ఒకేసారి మార్పించాలి.

పానా పట్టేవారికి కొన్ని జాగ్రత్తలు

సొంతంగా పని చేయాలనుకునే మిత్రులకు నా అనుభవం మీద కొన్ని మాటలు. ట్యాంకు వాల్వు కట్టగానే పని మొదలుపెట్టకండి. కింద ఇంకొక కుళాయి తెరిచి, నీరు నిజంగా ఆగిందో లేదో చూసుకోండి. ఏటికి రెండుమూడుసార్లు ఆ వాల్వును ఊరికే తిప్పి చూస్తుండండి. అవసరమైన రోజునే అది బిగుసుకుపోయిందనో, ఊడిపోయిందనో తెలియడం కంటే ముందే తెలియడం మంచిది. స్నానాల గది తూము చిల్లు మీద గుడ్డ వేయండి, మరమేకులు అందులోకే దొర్లుతాయి. విప్పేముందు ఫోనుతో ఫోటో తీసుకోండి. ఒక పానాతో కుళాయి ఒంటిని కదలకుండా పట్టుకొని, ఇంకొక పానాతో పైమూతను తిప్పండి. అప్పుడు మెలి గోడలోకి పోదు. కదలకపోతే బలం పెంచకండి. తుప్పు వదిలించే నూనె నాలుగు చుక్కలు వేసి కాసేపు ఆగండి. అప్పటికీ కదలకపోతే ప్లంబరును పిలవండి. ట్యాంకు నిండా కొన్ననీళ్ళున్న రాత్రిపూట, మర్నాడు ఇంట్లో శుభకార్యం పెట్టుకొని మాత్రం ఈ పని చేయకండి.

కొత్త ఇల్లు కట్టుకునేవారికి ఒక్క మాట. గోడలో వాల్వు పెట్టించుకునేటప్పుడు పూత పూయకముందే పైపుల ఫోటో తీసి దాచండి. ఒక కార్ట్రిడ్జి ఎక్కువగా కొని పెట్టుకోండి. పదేళ్ళ తర్వాత అది మీ గోడను కాపాడుతుంది.

అద్దె ఇంట్లో ఉండేవారికి ఇంకొక మాట. కుళాయి మనది కాదు. విప్పే ముందు ఇంటివాళ్ళతో చెప్పాలి. నేను అవ్వకు చెప్పి ఉంటే, "రేపు సీమంతం గదా నాయనా, ఎల్లుండి చూద్దాంలే" అని ఉండేది. ఇంజనీరింగులో ఏ పుస్తకంలోనూ ఉండని సలహా అది. అన్నిటికంటే అదే సరైన సలహా.

చివరి మాట

ఆ ప్లంబరు పెద్దాయన గోడలోని తుప్పు పైపును వదిలేసి, గోడబయటనుంచి కొత్త సి.పి.వి.సి. లైను వేసి, నేను కొన్న కొత్త కుళాయి బిగించాడు. ట్యాంకు కింది గేట్ వాల్వు తీసి కొత్తది పెట్టాడు. దాన్ని బాగుచేయమని నేను అడిగితే, "దీని పలకే ఊడిపాయ, ఇంకేం బాగుచేసేది సామీ" అన్నాడు. ఒకే ఇంట్లో, ఒకే రోజు, ఒకే మనిషి ఒకదాన్ని బాగుచేశాడు, ఇంకొకదాన్ని పారేశాడు. రెండింటినీ ముందు విప్పి చూశాడు.

చెక్కి బాగుచేసిన నా పాత కుళాయిని ఏం చేయాలని అడిగాను. దాన్ని పెరట్లో అంట్లు తోమేచోటికి వెళ్ళే పైపులో బిగించాడు. ఆ ఖర్చంతా నేనే పెట్టుకుంటానంటే అవ్వ సగమే తీసుకుంది.

నిరుడు తిరుపతి వెళ్ళినప్పుడు అవ్వను చూసి వచ్చాను. పెరట్లో చేతులు కడుక్కోబోతే అదే కుళాయి. ఇన్నేళ్ళలో ఒకే ఒక్కసారి వాషరు వేయించిందట. కడుక్కొని అలవాటుకొద్దీ గట్టిగా బిగించబోయాను. "అంత బిగించొద్దు నాయనా, రెండు వేళ్ళతో తిప్పితే చాలు, అదే నిలుస్తాది" అంది అవ్వ. రెండు వేళ్ళతో తిప్పాను. నిలిచింది.

విద్యార్థి మిత్రులకు మనవి. ఈ వ్యాసం చదివిన రాత్రి మీ గదిలో కుళాయి కారుతుంటే, దానికింద ఒక చెంబు పెట్టి గడియారం చూడండి. పానా సంగతి రేపు చూసుకోవచ్చు.